ఊబకాయం, హార్మోన్లు, నర్సమ్మ పని: పాండేసర నుంచి ఒక చూపు

తింటే సూరత్‌లో తినాలి, చస్తే కాశీలో చావాలి అని గుజరాతీల సామెత. అది పుట్టిన రోజుల్లో పాండేసర సూరత్ పొలిమేర అవతలి పల్లె. ఇప్పుడు అది డైయింగ్, ప్రింటింగ్ మిల్లుల పారిశ్రామికవాడ. సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి మగ్గం పని వెతుక్కుంటూ వచ్చిన పద్మశాలి కుటుంబాలు ఉధ్నా, లింబాయత్, డిండోలి, పాండేసర పేటల్లో తరాలుగా ఉంటున్నాయి. వాళ్ల పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు నడుపుతోంది. ఇంట్లో తెలంగాణ మాట, వీధిలో హిందీ, ఆసుపత్రి చీటీ మీద గుజరాతీ.

ఈ పేటల్లో అర్బన్ హెల్త్ సెంటర్‌కి వచ్చే ఆడమనిషి ముందు డాక్టరును చూడదు, నర్సును చూస్తుంది. కడుపుతో ఉన్నప్పుడు, బిడ్డకు టీకా వేయించేటప్పుడు, కుటుంబ నియంత్రణ సూదికి వచ్చినప్పుడు ఎదురయ్యేది ఆమే. ఊబకాయం, దానితో ముడిపడిన థైరాయిడ్, అండాశయాలకు సంబంధించిన పీసీఓఎస్, గర్భిణిలో షుగర్ వంటి చిక్కులను ఆ నర్సు ఎంతవరకు చక్కబెట్టగలదు? నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చాలావరకు చక్కబెట్టగలదు. కానీ మన వ్యవస్థ ఆమె చేత లెక్కలు రాయిస్తోంది గానీ వైద్యం చేయనివ్వడం లేదు.

ముందు లెక్కలే చూద్దాం. 2019-21 నాటి ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అధిక బరువు లేదా ఊబకాయం ఉన్న స్త్రీలు దేశంలో 24 శాతం, గుజరాత్‌లో 22.6, తెలంగాణలో 30.1, ఆంధ్రప్రదేశ్‌లో 36.3. నెయ్యి, బెల్లం, ఫర్సాణ్ తినే గుజరాతీలకన్నా అన్నం తినే మనమే లావు. వలస వచ్చినవాళ్ల సంగతి ఇంకా ఆసక్తికరం. హైదరాబాద్, బెంగళూరు, నాగపూర్, లక్నో ఫ్యాక్టరీల్లో పనిచేసే వలస కార్మికులను, పల్లెలోనే ఉండిపోయిన వాళ్ల తోడబుట్టినవాళ్లతో పోల్చి 2010లో ఒక అధ్యయనం వెలువడింది. పల్లెలో ఉన్న మగవాళ్లలో ఊబకాయం 19 శాతం, పట్నం చేరినవాళ్లలో 37.8 శాతం. షుగర్ 6.2 నుంచి 14.3కి ఎగబాకింది. ఒకే తల్లి పిల్లల మధ్య ఇంత తేడా ఉందంటే నెత్తురును తప్పుపట్టి లాభం లేదు. పట్నం ఏం చేసిందో చూడాలి.

పాండేసరలో పట్నం చేసేది కళ్లకు కనబడుతూనే ఉంటుంది. మగవాళ్లకు పన్నెండు గంటల షిఫ్టు, పగలు కొన్నాళ్లు, రాత్రి కొన్నాళ్లు. నిద్ర తప్పితే ఆకలి పెరుగుతుంది, అర్ధరాత్రి తిన్న తిండి ఒంటికి సరిగా ఇమడదు. ఆడవాళ్లు చీరల మూటలు ఇంటికి తెచ్చుకుని దారాలు కత్తిరిస్తారు, స్టోన్లు అతికిస్తారు, లేసు కుడతారు. చీరకింత అని కూలి గనక లేచి నాలుగడుగులు వేస్తే ఆ మేరకు నష్టం. ఇలాంటి మనిషికి రోజూ అరగంట వాకింగ్ చేయమని చెప్పి పంపడం తేలిక. ఆ అరగంట ఖరీదెంతో చెప్పినవాళ్లు లెక్క కట్టరు.

హెల్త్ సెంటర్లో ఇలాంటి ఆడమనిషితో జరిగే మాట ఇలా ఉంటుంది. "నేనేం తింటలేను సిస్టర్, అయినా దొడ్డుగ అయితున్న" అంటుంది ఆమె, వచ్చీరాని హిందీలో. "బెన్, ఓఛుం ఖావో" అంటుంది నర్సు. తక్కువ తిను అని. ఇద్దరి మాటా నిజమే, ఇద్దరికీ ఒరిగేదేమీ లేదు. కాస్త శిక్షణ ఉన్న నర్సు ముందు అనుమతి అడుగుతుంది: "నీ బరువు గురించి రెండు మాటలు మాట్లాడుకుందామా అక్కా?" తర్వాత తిండి జోలికి పోకుండా చాయ్ గురించి అడుగుతుంది. దారాలు కత్తిరించే ఇంట్లో రోజుకు ఆరు కప్పులు మామూలు. కప్పుకు రెండు చెంచాల చక్కెర చొప్పున అరవై గ్రాములు, అంటే 240 కేలరీలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 25 గ్రాములు దాటకపోతే మేలంటుంది, 50 దాటవద్దంటుంది. "ఏం తింటలేను" అన్న మాట అబద్ధం కాదు, ఆమె తాగుతోంది.

తర్వాతి ప్రశ్న నూనె డబ్బా ఎన్నాళ్లు వస్తుందని. గుజరాత్‌లో పత్తిగింజల నూనైనా, పల్లీ నూనైనా 15 కిలోల డబ్బా లెక్కన కొనడం అలవాటు. జాతీయ పోషకాహార సంస్థ చెప్పినట్టు మనిషికి రోజుకు 25 గ్రాములు సరిపెడితే ఐదుగురున్న ఇంటికి నెలకు మూడుముప్పావు కిలోలు. డబ్బా నాలుగు నెలలు రావాలి. రెండు నెలలకే అయిపోతోందంటే సంగతి తేలిపోయింది. ఇంటి ఇల్లాలికి కేలరీల పట్టిక అక్కర్లేదు, డబ్బా మీద తెరిచిన తేదీ రాస్తే చాలు. 2025 ఫిబ్రవరిలో ప్రధాని మన్ కీ బాత్‌లో నూనె పది శాతం తగ్గించమన్నారు. దేనిలో పది శాతమో ఇంటికి తెలియాలి కదా.

ఇక కొలత. మనకి బరువు యంత్రం మీద ఉన్నంత నమ్మకం టేపు మీద లేదు. భారతీయుల ఒంట్లో కొవ్వు పొట్ట చుట్టూ, కాలేయంలో చేరుతుంది, చేతులూ కాళ్లూ సన్నగానే ఉంటాయి. పుణేకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్ 2004లో లండన్‌లోని యడ్కిన్‌తో కలిసి తమ ఇద్దరి ఫొటో ప్రచురించారు. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువు లెక్క, ఒకటే, కానీ యాజ్ఞిక్ ఒంట్లో కొవ్వు యడ్కిన్ కన్నా రెట్టింపుకు పైన. అందుకే మన నిపుణులు 2009లోనే బీఎంఐ 23 దాటితే అధిక బరువు, 25కి చేరితే ఊబకాయం అన్నారు. నడుం చుట్టుకొలత ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, మగవాళ్లకు 90 చేరితే జాగ్రత్త అన్నారు. 2025 జనవరిలో లాన్సెట్ కమిషనూ బీఎంఐ ఒక్కదాన్నే నమ్మవద్దని, ఒంట్లో అవయవాలు దెబ్బతిన్నాయా లేదా చూసి జబ్బుగా లెక్కించమని చెప్పింది.

కానీ చీర కట్టిన మనిషి నడుం కొలవడం చెప్పినంత సులువు కాదు. లంగా నాడా ఉన్నచోటే నడుమనుకుని టేపు చుట్టేస్తారు. అసలు చోటు చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పై అంచుకూ సరిగ్గా మధ్య. కుచ్చిళ్లు వదులు చేసి, టేపు ముందూ వెనకా ఒకే ఎత్తులో ఉంచి, మామూలుగా ఊపిరి వదిలాక చదవాలి. పొట్ట లోపలికి పీల్చుకోవడం అందరికీ అలవాటే గనక రెండుసార్లు చూడాలి. దీనికి ఒక పరదా కావాలి, మూడు నిమిషాలు కావాలి. జనం వరుస కట్టిన వరండాలో రవికె మీదుగా చుట్టిన టేపు చెప్పే అంకె రిజిస్టరుకు పనికొస్తుంది, మనిషికి పనికిరాదు.

ఆ రిజిస్టరు సంగతే మాట్లాడాలి. ఆశా కార్యకర్త ముప్పై దాటినవాళ్లందరికీ నింపే ప్రశ్నావళిలో నడుం కొలతకు మార్కులున్నాయి. స్త్రీకి 80 వరకు సున్నా, 81 నుంచి 90 వరకు ఒకటి, ఆపైన రెండు. మొత్తం నాలుగు మార్కులు దాటితే పరీక్షకు ముందు పంపాలి. ఆ పరీక్షలు బీపీ, షుగర్, మూడు రకాల క్యాన్సర్లకు. అవేవీ బయటపడకపోతే 96 సెంటీమీటర్ల నడుమున్న మనిషిని అలాగే ఇంటికి పంపేస్తారు. నడుం కొలత మార్కుగా మిగిలిపోతుంది, దానికంటూ ఒక వైద్యం, మళ్లీ రమ్మనే ఒక తేదీ ఉండవు. ఇంకో లోపం వయసు. పీసీఓఎస్ పదహారేళ్లకు మొదలవుతుంది, గర్భంలో షుగర్ ఇరవై అయిదేళ్లకు వస్తుంది. ముప్పై ఏళ్ల గీత దగ్గర కాపలా కాసే ఫారానికి వీళ్లు చిక్కరు. కౌమార పిల్లలకు 2014 నుంచి ఉన్న కార్యక్రమంలో చేతికందేది ముఖ్యంగా వారానికో ఐరన్ మాత్ర.

బ్రిటన్‌లో ఇదే తప్పు ఇంకో రకంగా జరిగింది. 2006లో అక్కడ కుటుంబ వైద్యులకు ఊబకాయుల జాబితా తయారుచేస్తే పాయింట్లు, పాయింట్లకు డబ్బు అన్నారు. జాబితాలు తయారయ్యాయి. జాబితాలో చేరినవాళ్ల బరువు తగ్గించాలన్న షరతు లేదు గనక చాలాచోట్ల పని అక్కడితో ఆగింది. అదే దేశంలో తర్వాత జరిగిన ‘డైరెక్ట్’ అనే అధ్యయనం మాత్రం కళ్లు తెరిపించేది. స్కాట్లండ్, టైన్‌సైడ్‌లలోని మామూలు ప్రాథమిక వైద్యశాలల్లో, నర్సులూ డైటీషియన్లూ సూపు పొట్లాల వంటి తక్కువ కేలరీల ఆహారంతో షుగర్ రోగుల బరువు తగ్గించే పని నడిపారు. ఏడాదికి 46 శాతం మందికి మందులు లేకుండానే షుగర్ అదుపులోకి వచ్చింది. మామూలు వైద్యం పొందినవాళ్లలో అది 4 శాతం. రెండేళ్లకు 46 కాస్తా 36కి తగ్గింది. తగ్గిందన్నది కూడా పాఠమే, ఒక్కసారి చెప్పి వదిలేసే పని కాదిది. అక్కడి నర్సులకు ప్రత్యేక శిక్షణ లభించింది, ఒక్కో మనిషికి కేటాయించిన సమయం లభించింది, పదేపదే పిలిచే తేదీలు లభించాయి. సూపు పొట్లాల సంగతి ఆ తర్వాతిది.

మన దగ్గరి సాక్ష్యం ఇంకా ఆశపెట్టేది. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం 2006లో ప్రకటించిన అధ్యయనంలో, షుగర్ అంచున ఉన్నవాళ్లకు తిండి, నడక గురించి మాటిమాటికీ చెబుతూ మూడేళ్లు వెంటపడ్డారు. షుగర్ వచ్చే అవకాశం 28.5 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ మాత్ర ఇచ్చినా దాదాపు అంతే తగ్గింది. విశేషమేమిటంటే వాళ్ల బరువు పెద్దగా తగ్గలేదు. ఈ ముక్క ప్రతి నర్సుకూ తెలియాలి. మూడు నెలల తర్వాత యంత్రం మీద అంకె కదలకపోతే "నువ్వేం చెయ్యలేదు" అని తిట్టే అలవాటును ఈ ఒక్క ఫలితం మాన్పించాలి.

హార్మోన్ల దగ్గరికి వస్తే రెండు మూఢనమ్మకాలు ఎదురుబొదురుగా నిలబడతాయి. లావంతా థైరాయిడ్ వల్లేనని ఇంట్లోవాళ్లు, లావంతా నోరు కట్టుకోకపోవడం వల్లేనని ఆసుపత్రివాళ్లు. ఎనిమిది నగరాల్లో జరిగి 2013లో వెలువడిన అధ్యయనంలో పెద్దల్లో దాదాపు 11 శాతం మందికి థైరాయిడ్ తక్కువగా పనిచేస్తోందని తేలింది. తక్కువేమీ కాదు. అయితే దానివల్ల పెరిగే బరువు మామూలుగా రెండు నుంచి అయిదు కిలోలు, అందులోనూ ఎక్కువ ఉప్పూ నీరూ. ఇరవై కిలోలు పెరిగిన మనిషికి థైరాయిడ్ పనితీరును చూపే టీఎస్‌హెచ్ కాస్త ఎక్కువుందని మాత్ర మొదలుపెట్టి, బరువు తగ్గుతుందని ఆశపెట్టడం మోసమే. ల్యాబు ప్యాకేజీలు అమ్మేవాళ్లకు నచ్చని మాట గానీ, మొదటి పరీక్షకు చాలామందికి టీఎస్‌హెచ్ ఒక్కటి చాలు.

నిజంగా థైరాయిడ్ ఉన్నవాళ్ల విషయంలో నర్సు పని చిన్నదిగా కనిపిస్తుంది, ఫలితం పెద్దది. మాత్ర పరగడుపున నీళ్లతో వేసుకోవాలి, చాయ్ తాగేది అరగంటో గంటో ఆగాక. ఐరన్, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. గర్భిణికి ఆ మూడూ ఒకే కేంద్రంలో ఒకేసారి చేతిలో పెడతారు, ఆమె మూడూ కలిపి చాయ్‌తో మింగుతుంది. తర్వాత టీఎస్‌హెచ్ తగ్గలేదని డాక్టరు మోతాదు పెంచుతాడు. పొద్దున్న ఒకటి, మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి అని మూడు పొట్లాల మీద తెలుగులో రాసిచ్చే మనిషి ఉంటే ఈ చుట్టుతిరుగుడు తప్పుతుంది.

పీసీఓఎస్ ఇంకా నాజూకైనది. 2024లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనంలో ఒక కొలమానంతో చూస్తే 7.2 శాతం, మరో కొలమానంతో 19.6 శాతం స్త్రీలకు ఈ సమస్య ఉన్నట్టు తేలింది. కొలమానం మారితే ఇంత తేడా వచ్చే చోట స్కానింగ్ కాగితం చూసి పదిహేనేళ్ల పిల్లకు పేరు తగిలించడం అన్యాయం. రజస్వల అయ్యాక ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు అల్ట్రాసౌండ్‌తో ఈ జబ్బు తేల్చవద్దని 2023 అంతర్జాతీయ మార్గదర్శకాలు స్పష్టంగా చెప్పాయి. ఆ వయసులో అండాశయాలు అలా కనిపించడం మామూలే. నర్సు చూడాల్సినవి వేరే: మూడు నెలలైనా ముట్టు రాకపోవడం, గడ్డం మీద ముదురు వెంట్రుకలు, మెడ వెనక మందంగా నల్లబడ్డ చర్మం. ఆ నలుపును మురికనుకుని తల్లులు సున్నిపిండితో చర్మం మండేలా రుద్దుతారు. అది ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదన్న గుర్తు, రుద్దితే పోదు. "పెండ్లయితే అన్నీ సర్దుకుంటయ్" అనే సలహా అమ్మమ్మ నుంచి వస్తే సరిపెట్టుకోవచ్చు, కేంద్రంలోంచి రాకూడదు. బరువు ఐదు శాతం తగ్గినా, అంటే డెబ్భై కిలోల పిల్లకు మూడున్నర కిలోలు తగ్గినా, చాలామందిలో నెలసరి దారికొస్తుంది.

గర్భంలో షుగర్ విషయంలో దేశం మంచి పద్ధతే పెట్టుకుంది. తిన్నా తినకపోయినా 75 గ్రాముల గ్లూకోజు తాగించి, రెండు గంటలకు 140 చేరిందా అని చూడటం. మొదటిసారి వచ్చినప్పుడు ఒకసారి, 24-28 వారాల మధ్య మరోసారి. చిక్కల్లా కాన్పు తర్వాత. ఆరు వారాలకు తల్లికి మళ్లీ పరీక్ష చేయాలి. వాళ్లకు ముందుముందు షుగర్ వచ్చే ముప్పు మిగతావాళ్లకన్నా ఏడు నుంచి పది రెట్లు. సరిగ్గా ఆరు వారాలకే బిడ్డకు పెంటావాలెంట్ మొదటి టీకా. తల్లి కేంద్రానికి వస్తుంది, బిడ్డకు సూది పడుతుంది, తల్లి సంగతి ఎవరూ అడగరు. టీకా తేదీ చెప్పేటప్పుడే "నువ్వు పరగడుపున రా" అన్న ఒక్క మాట కలిపితే పని అయిపోతుంది. మన కుటుంబాల్లో మరో మెలిక ఉంది. తొలి కాన్పు పుట్టింట్లో, అంటే సిరిసిల్లలోనో జనగామలోనో. పాండేసర కార్డులో షుగర్ అని ఉన్నా అక్కడివాళ్లకు గుజరాతీ చదవరాదు, అక్కడి కాగితం ఇక్కడికి రాదు. కంప్యూటర్లో రికార్డులు కలిసేదాకా, కార్డు అట్ట మీద తెలుగులో పెద్దక్షరాలతో "గర్భంలో షుగర్ ఉంది" అని రాసిపెట్టడానికి ఏ పథకమూ అక్కర్లేదు.

ప్రభుత్వ కేంద్రాలకు 2017లో వచ్చిన కుటుంబ నియంత్రణ సూది ‘అంతర’ గురించి ఒక మాట. మూడు నెలలకోసారి వేసే ఈ సూదితో కొందరు బరువెక్కుతారు. మొదటి ఆరు నెలల్లో ఐదు శాతానికి మించి పెరిగినవాళ్లు తర్వాత కూడా పెరిగే అవకాశం ఎక్కువ. సూదికి వచ్చిన ప్రతిసారీ తూకం చూసి, పెరుగుతుంటే వేరే పద్ధతి గురించి మాట్లాడితే సరి. ఇక మందుల వల్ల వచ్చే లావులో అన్నిటికన్నా ప్రమాదకరమైనది స్టెరాయిడ్లది. కీళ్ల నొప్పులకూ, ఆయాసానికీ, దురదలకూ అర్హత లేనివాళ్లు ఇచ్చే పొట్లం మందుల్లో, సూదుల్లో ఇవి దొర్లుతుంటాయి. ముఖం గుండ్రంగా ఉబ్బి, పొట్ట మీద వెడల్పైన ఊదారంగు చారలు పడి, కూర్చున్నచోటి నుంచి లేవడానికి చేతులు ఆనించాల్సి వస్తుంటే ఏం మింగుతున్నారో నర్సు అడగాలి. అడిగి, ఒక్కసారిగా మానేయమని మాత్రం చెప్పకూడదు. హఠాత్తుగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది, పెద్దాసుపత్రికి పంపాలి. పిల్లల విషయంలో తేలికైన గుర్తు ఒకటుంది. లావుగా, వయసుకు తగ్గ ఎత్తుగా ఉన్న పిల్లవాడికి సాధారణంగా హార్మోను దోషం ఉండదు. లావవుతూ ఎత్తు పెరగడం ఆగిన పిల్లవాణ్ని వెంటనే పంపాలి.

బరువు తగ్గించే సూదులు వచ్చేశాయి కదా, ఇంత గొడవ ఎందుకనేవాళ్లున్నారు. 2025 మార్చిలో మౌంజారో మన దేశానికి వచ్చింది, జూన్‌లో వెగోవీ. మౌంజారో మొదట్లో అతి చిన్న మోతాదే వారానికి 3,500 రూపాయలు. మగ్గం కూలికి అది అందే మాట కాదు. వెగోవీలోని మందు సెమాగ్లూటైడ్ పేటెంట్ గడువు మన దేశంలో 2026 మార్చి వరకే, దేశీ కంపెనీల రకాలు వస్తే ధర దిగుతుంది. దిగిన ధరతో కొత్త పని కూడా నర్సు మీదే పడుతుంది. సూది ఎలా వేసుకోవాలో చూపించాలి, వాంతులతో నీరసించినవాళ్లను కనిపెట్టాలి, గర్భం నిలవకుండా చూసుకోమని చెప్పాలి, మందు ఆపగానే బరువు తిరిగొస్తుందని ముందే హెచ్చరించాలి. సూది చవకైనంత మాత్రాన మళ్లీ పిలిచి చూసే మనిషి అవసరం తీరదు, పెరుగుతుంది.

సూరత్‌కు ఆ మనిషిని తయారుచేసుకునే శక్తి లేదని నేననుకోను. 1994 ప్లేగు తర్వాత కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు హయాంలో ఈ నగరం చెత్త ఎత్తడం నేర్చింది, ఇంటింటికీ తిరిగి జ్వరాలు రోజువారీ లెక్కగట్టడం నేర్చింది. మలేరియాకూ వరద తర్వాతి జ్వరాలకూ ఆ పద్ధతి పనికొచ్చింది. జ్వరం వారంలో తేలిపోతుంది గనక దానికి ఇంటింటి తనిఖీ చాలు. నడుం చుట్టుకొలత పదేళ్ల వ్యవహారం, దానికి అదే నర్సు, అదే గది, ముందుగా చెప్పిన తేదీ కావాలి. రిజిస్టర్లో నడుం గడి పక్కన "మళ్లీ ఎప్పుడు" అన్న గడి, తెలుగు వాడకు తెలుగు ఆశా, షిఫ్టు దిగిన మగవాళ్లకు సాయంత్రం ఓపీ, పదహారేళ్ల నుంచే కొలత. నేను అడిగేవి ఇవి. డాక్టర్ల పోస్టులు పెంచకుండానే చేయగలిగినవి.

సూరత్ తెలుగు సంఘాలకు ఒక విన్నపం. బతుకమ్మకూ మార్కండేయ జయంతికీ ఉచిత షుగర్ పరీక్షల క్యాంపు పెట్టి, ఫ్లెక్సీ మీద ఫొటోలు వేసుకుంటున్నారు, మంచిదే. ఈసారి అదే కరపత్రంలో ఆరు నెలల తర్వాతి క్యాంపు తేదీ కూడా అచ్చు వేయించండి. మొదటి రోజు కొలిచినవాళ్ల పేర్లు దగ్గర పెట్టుకుని, రెండోసారి వాళ్లనే పిలవండి.